వంతెనకి ఇద్దరు ఎమ్మెల్యేలు

మంగళవారం రాత్రి

కాలువ వంతెన పిట్టగోడ కూలిందని అర్జీ రాసుకుని ఏలూరు వెళ్ళాను. ఎమ్మెల్యే గారి పీఏ చదివి నవ్వాడు. "మాస్టారూ, మీరు రాసిన నియోజకవర్గం రద్దయి చాలా ఏళ్ళయిందండీ. వంతెనలో ఇవతలి సగమే మాదండీ. అవతలి ఎమ్మెల్యే గారిని కూడా అడగండి."

చేతి అలవాటున పాత పేరే రాసేశాను. ఏ ముఖంతో రాశానో.

ఊరిని రెండు నియోజకవర్గాలకి పంచుతున్నాం, అభ్యంతరాలుంటే చెప్పమని అప్పట్లో పంచాయతీ గోడకి నోటీసు అంటించారు. అందరికీ చదివి వినిపించింది నేనే. ఇద్దరు ఎమ్మెల్యేలుంటే రెండింతల పనులవుతాయన్నదీ నేనే. మాస్టారు చెప్పారు కదా అని ఒక్కరూ అభ్యంతరం రాయలేదు.

సాయంత్రం మా ఊరి మేరీ తన మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని వంతెన దాటుతూ ఆగింది. "ఏమన్నారండీ మాస్టారూ?"

"చేస్తామన్నారమ్మా."

ఇప్పుడూ నా మాట నమ్మింది.