గిర్నిలో ఆఖరి వాయి

జూన్ 16
కామారెడ్డి పోయి వచ్చాం. ఎల్లారెడ్డి దాకా బస్సులో నిలబడే వచ్చాను, కాళ్ళు పీకుతున్నాయి. మా బిడ్డ ఆశ్రిత రిపోర్ట్ మళ్ళీ అలాగే ఉంది. ఆరు నెలలుగా గోధుమ ముట్టని పిల్లకు రక్తంలో ఆ యాంటీబాడీల నంబరు ఎందుకు దిగదు? పన్నెండేళ్ళ పిల్ల, ఇరవై నాలుగు కిలోలు. విరేచనాలు ఆగవు.

డాక్టర్ నవత గారు మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందమట. అయినా అది ఉత్త గోడ కాదు, కావలి కూడా. పేగులో ఉండే కోట్ల సూక్ష్మజీవుల్లో ఏది హాని చేస్తుందో ఆ కణాలే పసిగట్టి, వెనకున్న రక్షణ కణాలకు కబురు పంపుతాయట. మంచివాటి జోలికి పోవద్దని చెప్పేదీ అవేనట. ఆశ్రితలా సీలియాక్ జబ్బు ఉన్నవాళ్ళకు గోధుమలోని గ్లూటెన్ అనే ప్రోటీన్ తగిలితే ఆ లెక్క తప్పుతుంది. శత్రువు వచ్చాడనుకుని రక్షణ కణాలు సొంత పొర మీదే పడతాయి. పొర మానాలంటే చిటికెడు గోధుమ కూడా లోపలికి పోకూడదు. ఎక్కడో పోతోంది, వెతకండి అన్నారు.

ఎక్కడో ఏమిటి, స్కూల్లోనే. బిస్కెట్లు.

జూన్ 17
ఇంట్లో గోధుమపిండి లేదు, రవ్వ లేదు. నా భార్య అనిల అన్నమో జొన్నరొట్టెలో పెడుతుంది. జొన్నలు పెద్దకొడప్‌గల్ నుంచి మా బావ పంపినవి, పిండి పట్టేది మా సొంత గిర్నిలోనే. ఇంతకన్నా ఇంకేం చేయాలి?

జూన్ 23
స్కూల్ నుంచి రాగానే రోజూ బ్యాగు వెతుకుతున్నాను.

జూన్ 27
బిస్కెట్ కవరు దొరికింది. దోస్తుదట, పారేసే జాగా లేక బ్యాగులో పెట్టుకుందట. ఎవరు నమ్ముతారు? చెంప మీద కొట్టాను. ఏడవలేదు. నేను తినలే బాపు అని ఒక్కసారే అన్నది. మా అవ్వ మంగవ్వ అడ్డం వచ్చి, గా నంబరు కొడితె దిగుతదారా అని తిట్టింది.

జూలై 2
ఆశ్రిత నాతో మాట్లాడడం లేదు. అలిగి రొట్టె కూడా ముట్టడం లేదు, మూడు పూటలా అన్నమే. మూడు రోజులుగా విరేచనాలు లేవు. దెబ్బకు దారికొచ్చింది అన్నాను అనిలతో.

జూలై 5, సాయంత్రం ఏడు
మా వాడకట్టులోని గంగామణి గిర్ని మీదికి కొట్లాటకు వచ్చింది. నిన్న పట్టించుకుపోయిన జొన్నపిండి తెల్లగా ఉందట, రొట్టె చపాతీలా సాగుతోందట. గోధుమల మీద పోసినవా ఏంది అని అందరి ముందూ నిలదీసింది. ఒళ్ళు మండింది. పొద్దంతా మిషన్ ఆగదు, ఒకరి గింజల మీద ఇంకొకరివి పోస్తూనే ఉంటాం. ముందటి వాళ్ళ పిండి రెండు పిడికిళ్ళు వెనకటి వాళ్ళ డబ్బాలో పడుతుంది. అదే చెప్పాను. గంత కలిస్తె ఏమైతదక్కా, మనుషులు సస్తరా అన్నాను.

అన్నాక, డాక్టర్ గారు చెప్పిన చిటికెడు గుర్తొచ్చింది.

మా ఇంటి జొన్నలు ఎప్పుడూ ఆఖరి వాయి. గిరాకీలవి అయ్యాకే మనవి, మా బాపు పెట్టిన పద్ధతి. షుగర్ వచ్చిన ప్రతివాళ్ళూ రాత్రికి చపాతీ అంటారు, సాయంత్రం వచ్చేవన్నీ గోధుమలే. వాటి మీదే నా బిడ్డ జొన్నలు పోశాను. ఆరు నెలలు. నా చేత్తో.

జూలై 6
అటక మీది ఇసుర్రాయి దించి మూడుసార్లు కడిగాను. అవ్వ విసురుతోంది. నన్ను దగ్గరికి రానివ్వదు, నీ ఒంటి నిండ గోధుమపిండే అంటుంది. నిజమే.

డాక్టర్ గారికి ఫోన్ చేశాను. అదే కారణం అయి ఉంటుంది, మూడు నెలలకు మళ్ళీ టెస్ట్ చేద్దాం అన్నారు. గిర్ని సంగతి చెప్పాను గానీ దెబ్బ సంగతి చెప్పలేకపోయాను. సిగ్గేసింది.

ఆశ్రితకూ చెప్పాను. తప్పు నాది బిడ్డా, నువ్వు తినలే అన్నాను. విన్నది. హోంవర్క్ చేసుకుంది.

జూలై 9
గిర్ని మూసి వస్తే ఆశ్రిత గడప దగ్గర ఆపింది. చేతులు చాపమంది. తల దులిపింది, చొక్కా దులిపింది, మడిచిన చొక్కా చేతుల్లోంచి పిండి రాల్చింది. జేబులు తియ్యి బాపు అంది. రెండూ తిరగేసి చూపించాను. ఇగ లోపటికి రా అంది.