కొండ గట్టు మీద ఒంటి తుమ్ము

ప్రియమైన అక్కకి,

నీ తమ్ముడు అప్పలరాజు పూనా నుంచి దండం పెట్టి రాస్తున్నాను. నాతవరంలో నువ్వూ, బావగారూ, బుజ్జిగాడూ కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. బలిఘట్టంలో అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలాగుంది? నేను పంపిన నూనె రాసుకుంటోందా, సీసా అలాగే దాచీసిందా? నేను ఒంట్లో బాగానే ఉన్నాను. బాగానే తింటున్నాను, నిజం. బుర్రలోనే ఏటో గందరగోళంగా ఉంది. అది నీకు తప్ప ఎవరికి చెప్పను?

నర్సీపట్నం బస్టాండు దగ్గర నేను మోటార్ల రిపేరు షాపు పెట్టుకోడానికి బావగారు గది చూసి పెట్టేరనీ, వస్తావో రావో బేగి చెప్పమనీ రాసేవు. చదివిన రోజే వచ్చీద్దామనుకున్నాను. అటక మీంచి సంచీ కూడా దించీసేను. ఫేక్టరీలో నాకేం బాధ లేదు, ఫిట్టరు పనికి మాటలక్కర్లేదు కదా. పని అయ్యాకే కష్టం. వీళ్ళ మరాఠీ నాకు రాదు, నా హిందీ వింటే వీళ్ళకి నవ్వు. హోటల్లో అన్నం చిన్న గిన్నెడు పెడతారు, మిగతాదంతా రొట్టెలే. సెలవు రోజయితే పొద్దున్న లేచిన కాడ నుంచి పడుకునే దాకా ఒక్కరితోనూ మాటుండదు. నాకిక్కడ ఎవరూ లేరక్కా అని రాసేను కదా, అబద్ధం కాదు.

మొన్న సెలవుకి, నా పక్క మిషను మీద పనిచేసే దత్తా "కొండకెళ్దాం రా" అన్నాడు. కొండంటే దేముడే అనుకుని తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయల్దేరేను. తీరా చూస్తే పైన గుడీ లేదు, ఏటీ లేదు. పుల్లలేరుకోడానికి కాదు, చింతపండు రాల్చుకోడానికీ కాదు. ఊరికే ఎక్కి ఊరికే దిగుతారట! ఎందుకురా అంటే "మజా" అన్నాడు. ఇదేటి మజాయో నాకయితే అర్థం కాలేదు.

మమ్మల్ని తీసుకెళ్ళినావిడకి యాభై దాటుంటాయి. బేంకులో గుమస్తా. పేంటూ చొక్కా వేసుకుని, భుజాన తాడు చుట్ట తగిలించుకుని, అందరికన్నా ముందు నడిచింది. ఆవిణ్ణి అందరూ "తాయీ" అంటారు. అంటే వీళ్ళ భాషలో అక్క. సెలవొస్తే చాలు, ఇలాగ జనాన్ని పోగుచేసి కొండలెక్కిస్తాదట. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోదట. మరి ఆవిడకేటి లాభం? ఇంట్లో ఏమీ అనరా? ఇవన్నీ అడగాలని నోటి దాకా వచ్చింది గాని, ఏ భాషలో అడుగుతాను?

సగం దాకా మామూలు దారే. ఆ తర్వాత కొండ సన్నబడి సన్నబడి మన పొలం గట్టంత అయిపోయింది. అటు లోయ, ఇటు లోయ. బండలు చేత్తో పట్టుకుని, కాలెక్కడెయ్యాలో చూసుకుని, ఒకరెనక ఒకరు పాకడమే. మరీ ఇరుకైన చోట తాయీ తాడు కట్టి, తను అవతలికి దాటి, నన్ను రమ్మంది. నేను కాలెత్తేను. ఎనక నుంచి దత్తా తుమ్మేడు.

ఒక్క తుమ్మే!

నువ్వయితే ఏం చేస్తావు, చెప్పు? ఒంటి తుమ్ము వినపడితే అమ్మ మనల్ని గడప దాటనిచ్చేదా? నేను టక్కున కూర్చుండిపోయాను. ఆ గట్టు మీదే. పక్క నుంచి దాటే చోటు లేదు, నా ఎనకున్న వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. నాకు భయమేసిందనుకున్నారు. ఒకాయన దత్తా భుజం మీంచి చెయ్యి చాపి నా వీపు నిమిరేడు. ఒకమ్మాయి చేతులు మార్చి బిస్కట్టిచ్చింది. కిందకి చూడకు, కిందకి చూడకు అని అందరూ ఒకటే గోల. నాక్కావల్సింది అది కాదు మొర్రో! రెండో తుమ్ము తుమ్మితే దోషం పోతాది, నేను లేచి నడుస్తాను. అది చెబుదామంటే తుమ్ముని హిందీలో ఏమంటారో తెలీదు. దత్తా ముక్కు చూపించి "ఏక్ హాచ్, నహీ. దో హాచ్, ఠీక్" అన్నాను. వాడు నాకు జలుబు చేసిందనుకుని రుమాలిచ్చేడు.

అప్పుడు తాయీ అవతల నుంచి మళ్ళీ పాక్కుంటూ ఎనక్కొచ్చి నా ఎదురుగా చతికిలబడింది. తిట్టలేదు. లేవమనలేదు. ఏమయ్యిందో ఇప్పటికీ తెలీదక్కా, నాకు ఏడుపొచ్చీసింది. ఇంత మీసమున్నోణ్ణి, అందరి ముందూ భోరుమని ఏడ్చీసేను. తుమ్ముకి ఏడ్చేనా? లోయ చూసి ఏడ్చేనా? మీరంతా గుర్తొచ్చేరా? ఎంత ఆలోచించినా తెగడం లేదు. తుమ్ము లేకపోయినా నా కాలు లేచేది కాదేమో, అదీ తెలీదు. ఆవిడ మాత్రం అలాగే కూర్చుంది, వేరే పనేటీ లేనట్టు.

కాసేపయ్యేక మళ్ళీ దత్తా ముక్కు చూపించి, రెండు వేళ్ళెత్తి సైగ చేసేను. ఈసారి ఆవిడకి తెలిసిపోయింది. పక్కనే ఉన్న ఎండు గడ్డిపరక పీకి తన ముక్కులో పెట్టుకుంది. ఓలమ్మో, ఏం తుమ్ము! అది చూసి దత్తా గడ్డి పీకేడు. బిస్కట్టిచ్చినమ్మాయి పీకింది. వీపు నిమిరినాయన పీకేడు. నా కోసం వరస పెట్టి అందరూ తుమ్మడమే. "ఇక చాలా?" అన్నట్టు తాయీ నా మొహంలోకి చూసింది. నేను ముక్కు తుడుచుకుని, నవ్వుకుంటూ లేచి, ఆవిడ చెయ్యి పట్టుకుని దాటీసేను. ఇలాగ గడ్డి పెట్టి తెప్పించిన తుమ్ము చెల్లుతాదో చెల్లదో అమ్మనడిగి రాయి. లోయ సంగతి మాత్రం చెప్పకు, కంగారు పడిపోతాది.

అక్కా, ఆ షాపు గది వేరే ఎవరికైనా ఇచ్చీమని బావగారితో చెప్పు. కోప్పడతారు, నువ్వే ఎలాగో సర్దిచెప్పు. నేనిప్పుడు రావడం లేదు. ఎందుకని అడిగితే ఏం రాయాలో నాకే సరిగ్గా తెలీదు. బాగానే ఉన్నాను, బెంగెట్టుకోకు. ఎవరైనా ఇటొస్తే ఇంత ఆవకాయ మాత్రం పంపు. బావగారికి నమస్కారాలు, బుజ్జిగాడికి ముద్దులు. అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దండం పెట్టి, నా తల మీద చెయ్యేసినట్టు దీవించమను.

కొండ దిగేక టీ కొట్టు దగ్గర తాయీ నన్ను పిలిచింది. వచ్చే సెలవుకి నన్ను అందరికన్నా ఎనక నడవమంది. ఎవరైనా మధ్యలో కూర్చుండిపోతే, వాళ్ళు లేచేదాకా నేను పక్కన కూర్చోవాలట. "నాకు మీ భాష రాదు కదా" అన్నాను, వచ్చీరాని హిందీలో.

"కూర్చోడానికి భాషెందుకు?" అంది.

ఇట్లు,
నీ తమ్ముడు
అప్పలరాజు