సన్యాసి వేషానికి మా అప్పన్న గుండు

12-11-1968, మంగళవారం రాత్రి
కళింగపట్నం

సంతోషంతో నిద్ర పట్టడం లేదు. భయంతో కూడా. పూర్వం మన రేవు నుంచే బౌద్ధ సన్యాసులు ధర్మం చెప్పడానికి ఓడలెక్కి వెళ్లారట. ఆ దారి వెంట సినిమా తీసేవాళ్లు ఊళ్లోకి వచ్చారు. పాటలూ ఫైటింగులూ ఉండే సినిమా కాదు, ఆ ప్రయాణం ఎలా జరిగిందో చూపించేది. పడవ నడిపే సన్యాసిగా మా అప్పన్నే కావాలన్నారు. అంతమందిలో నా కొడుకు! వీధంతా తిరిగి చెప్పుకొచ్చాను.

తీరా చూస్తే జుట్టూ మీసమూ తీయించాలన్నారు. మంగళవారం కాబట్టి మంగలి రేపు పొద్దున్న వస్తానన్నాడు. మా ఆవిడ వింటూనే మండిపడింది.

"అయ్య బతికుండగా కొడుకు మీసం తీసేత్తాడేటి? సూసినోళ్లు నువ్వు పోయావనుకోరా?"

"ఒసే, నానిక్కడే కూకోని అంబలి తాగతన్నాను గదే!"

"రేపూ తాగాలనే సెప్తన్నాను."

అప్పన్న నా మొహంలోకి చూశాడు. "అయ్యా, నువ్వొద్దంటే మానేత్తాను" అన్నాడు. వాడికెంత ఆశగా ఉందో తెలుసు. మానెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

ఆ సన్యాసులు గుండు చేయించుకున్ననాడు వాళ్ల తండ్రులు బతికే ఉండి ఉంటారు కదా. వాళ్లకేమైందో ఎవరికి తెలుసు...

మా ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది, నిద్రపోలేదు. రేపు అప్పన్న మంగలి ముందు కూర్చోగానే నేను ఉతికిన పంచె కట్టుకుని వాడి పక్కనే నిలబడతాను. దారిన పోయేవాళ్లందరినీ పిలిచి గట్టిగా మాట్లాడతాను. నేను బతికే ఉన్నానని ఊరంతా చూడాలి. ముందు ఆవిడ చూడాలి.