లేని ముత్తవ్వ హెర్సెండ

చెల్లెలు ఒదెలీనాకు అన్న హామో దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా బాగున్నాం. బాగుండకూడని వాళ్లు మాకంటే బాగున్నారు. సముద్రానికి అవతల ఆ మఠంలో నువ్వూ, చలికి పట్టేసే నీ మోకాళ్లూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం ఉన్ని మోసే పడవవాడి చేత అందింది. అడిగినవి వరసగా చెబుతాను. ఆపిల్ ఈసారి విరగకాసింది. సారాయికి పీపాలు చాలక మీ వదిన గుర్రాల తొట్టి కడిగించింది. తాగితే కాస్త గుర్రం వాసన, అంతే. రెనూఫ్‌ను ఇప్పుడు నీ మొగుడు అనకూడదట, నేను అంటాను. అతగాడికి కొత్త పెళ్లాం వచ్చింది. ఆవిడకంటే ఆవిడ ముక్కు ముందు గుమ్మం దాటుతుంది. నువ్వు నవ్వుతావని రాశాను.

నీ కూతురు రొహీస్‌కు ముందుపళ్లు రెండు ఊడాయి. జ్వరం తగ్గింది. వారానికోసారి రెనూఫ్ కోటకు వెళ్లి దానికి వంశం వల్లె వేయిస్తున్నాను. పెద్దింటి పిల్ల ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పాలి కదా. లేకపోతే రేపు ఎవరిని చేసుకోవచ్చో, ఎవరు చర్చి ఒప్పుకోని ఒకే నెత్తురో ఎలా తెలుస్తుంది?

నీ చివరి ప్రశ్న దగ్గర వారం రోజులు కలం ఆగిపోయింది. "అన్నయ్యా, ఈ హెర్సెండ ఎవరు? అవ్వ నోట ఆ పేరు నేనెప్పుడూ వినలేదే" అని రాశావు.

ఆవిడ మన ముత్తాతకు చెల్లెలని, రెనూఫ్ ముత్తాతకు భార్య అని, కాబట్టి మీ ఇద్దరిదీ ఒకే నెత్తురని చెప్పే కదా బిషప్ సభలో నీ పెళ్లి కొట్టేసి, పిల్లను వాళ్లకిచ్చి, నిన్ను పడవెక్కించారు. నువ్వు ఆ పేరు వినలేదు, ఎందుకంటే అలాంటి మనిషి పుట్టలేదు. ఆవిడను కన్నది నేను.

నీ పెళ్లివిందు గుర్తుందా? రెనూఫ్ బాబాయి గెర్బాల్డ్ పీకల దాకా తాగి, "మా వంశమెక్కడ, మీ వంశమెక్కడ! ఏదో పిల్ల బాగుందని చేసుకున్నాం" అన్నాడు. నాకు మండింది. "ఊరుకో మామా! మీ రెనూఫ్ ముత్తాతకు పిల్లనిచ్చింది మేమే. హెర్సెండ అని, ఎర్రజుట్టు, మెల్లకన్ను. ఎవరూ చేసుకోకపోతే పందిని తోడిచ్చి మీకు అంటగట్టాం" అన్నాను. బల్లలన్నీ గొల్లుమన్నాయి. నువ్వు కూడా మేలిముసుగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వావు. ఆ ఊపులో మర్నాడు ఆ పేరును మన వంశపత్రంలో మంచి సిరాతో ఎక్కించాను. మఠంలో నాలుగేళ్లు నేర్చిన రాత అలా పనికొచ్చింది. తర్వాత కత్తితో గీకేద్దామనుకున్నాను. మరిచిపోయాను.

మగపిల్లవాడు కావలసిన రెనూఫ్ మరిచిపోలేదు. సభలో గెర్బాల్డ్ సిలువ మీద చెయ్యి పెట్టి, "మా పెద్దలు చెప్పేవారు, ఎర్రజుట్టు, మెల్లకన్ను" అన్నాడు. అబద్ధమాడలేదు వాడు, నిజంగానే గుర్తున్నట్టు నమ్మాడు. తర్వాత బిషప్ నన్ను పిలిచి, మన వంశపత్రం ముందు పెట్టాడు.

"రాత నీదేనా?"

"నాదే."

"ఎవరు చెప్పగా రాశావు?"

దొంగ రాతకు కుడిచెయ్యి నరుకుతారని గుమ్మం దగ్గరే చెప్పి పంపారు. నువ్వు నావైపే చూస్తున్నావు. "కాలం చేసిన మా నాన్న చెప్పగా" అన్నాను. చెయ్యి దక్కింది. దానితోనే ఇది రాస్తున్నాను.

బయటికి వస్తూ నువ్వు నా భుజం నిమిరి, "నీ తప్పేముందన్నయ్యా, ఉన్నదే రాశావు" అన్నావు. మూడేళ్లుగా ఆ మాట నన్ను తిననివ్వడం లేదు.

పోయిన నెల బిషప్ గుమస్తా దగ్గరికి వెళ్లి అంతా కక్కేశాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "హామో, నీ వేళాకోళాలు విందుల్లో చెప్పుకో. గెర్బాల్డ్‌తో కలిపి ఏడుగురు పెద్దలు ప్రమాణం చేశాక ఆవిడ ఉన్నట్టే. అవతల కొత్త పెళ్లి కూడా అయిపోయింది, ఇంటికి పో" అన్నాడు. రెనూఫ్ ఇప్పుడు హెర్సెండ ఆత్మశాంతికి ఏటా ప్రార్థన కూడా చేయిస్తున్నాడట.

ఇక నిన్న జరిగింది. రొహీస్ పేర్లు చెబుతూ చెబుతూ హెర్సెండ దగ్గర ఆగిపోయింది.

"ఈవిడ పేరు నేను చెప్పను మామయ్యా. ఈవిడ వల్లే కదా అమ్మ వెళ్లిపోయింది?"

"ఆవిడ ఏ పాపమూ చెయ్యలేదమ్మా."

"మరి ఎవరు చేశారు?"

వాన వచ్చేలా ఉందని చెప్పి లేచి వచ్చేశాను. ఆకాశంలో మబ్బు లేదు.

నన్ను క్షమించమని అడగను. నువ్వు క్షమిస్తావు, అదే నా భయం. వచ్చే వారం మళ్లీ వెళతాను. నన్ను చూడగానే అది వాకిలి దాకా పరుగెత్తుకొచ్చి చేతులు చాస్తుంది. ఎత్తుకోకుండానే చెప్పేస్తాను. ఎత్తుకున్నానంటే మళ్లీ అబద్ధమాడతాను.

ఇట్లు,
నీ గూడు చెరిపిన అన్న,
హామో