మగ్గం పక్కన దీపం

జూన్ 9
మా ఇంటామె సరళకు ఎడమ చెవి పూర్తిగా పోయినట్లే. ఒప్పుకోదు. "మగ్గం చప్పుడప్పా, అంతే." ఈపొద్దు వాకిట్లో నిలబడి నాలుగుసార్లు పిలిచినా. పలకలే. లోపలికి పోయి భుజమ్మీద చెయ్యేస్తే ఉలిక్కిపడింది. పోగు తెగింది. కండ్లనీళ్లు పెట్టుకుంది — పోగు కోసం కాదు.

జూన్ 10
కాలేజీకి పోతా, హిందూపురం రైల్లో ఇదే ఆలోచన. వాకిట్లో బటన్ నొక్కితే మగ్గం పక్కన దీపం వెలగాల. మెల్లగా వెలగాల. భగ్గుమనిందంటే మళ్లీ భయపడతాది. ఉత్త స్విచ్చుతో అయ్యేది కాదు, చిన్న కంప్యూటర్ లాంటి బోర్డు కావాల. ఏ బోర్డు?

జూన్ 12
కాలేజీ ల్యాబులో నేను నేర్పేది ఆర్డుయినో ఊనో బోర్డు. చేతికి అలవాటు. మా దాంట్లో వైఫై లేదు, వాకిలి నుంచి మగ్గం దాకా వైరు లాగాల. ఇంట్లో లాగి సరళకు చూపించినా.
"ఈ దారమొకటి తక్కువైందా నాకు?" నవ్వింది. శానా దినాలకు.

జూన్ 15
తిరిగొస్తా పెనుకొండలో దిగినా. సెల్లు రిపేరీ అంగడి ఖాదర్, నాతో చదువుకున్నోడు. "ఈఎస్పీ32 బోర్డులు రెండు తీసుకోబ్బా. ఒకటి వాకిట్లో, ఒకటి మగ్గం కాడ. వాటికవే మాట్లాడుకుంటాయి, వైరు, రౌటర్ గూడా అక్కర్లే." పికో అని ఇంకో బోర్డు చిన్నగా, ముద్దుగా ఉండాది. చేతిలోకి తీసుకొని... దాంట్లోనూ వైఫై లేదు, పెట్టేసి ఈఎస్పీలే రెండు తీసుకున్నా.
"ఎవరికి?" అన్నాడు. చెప్పినా. వైర్లు, బటన్లు తనే ఏరి సంచిలో వేసినాడు.

జూన్ 16
కరెంటు పోతే? పవర్ బ్యాంకు తగిలించినా. ఈ బోర్డు తాగే కరెంటు తక్కువ. పని లేదనుకొని పవర్ బ్యాంకే ఆరిపోతాంది. వేరేది వెతకాల.
"అన్నం గూడా బటన్ నొక్కితేనే తింటావా?" — వంటింట్లోంచి సరళ.

జూన్ 18
వెలిగింది! పసుపుపచ్చగా, నిదానంగా. తల తిప్పి చూసింది. వాకిట్లోనే నిలబడి ఇంకోసారి నొక్కినా.
"వినపడిందిలే, రా లోపలికి."
వినపడింది అనింది.

జూన్ 19
ఊరికే ఏడుసార్లు నొక్కినా. తిట్టింది.

జూన్ 23
పుట్టపర్తి ఆసుపత్రి. పోదామని తనే అనింది. కుడి చెవికి గూడా వినికిడి తగ్గుతాందంట. చెవి మిషను పెట్టుకుంటే మంచిదన్నారు. డాక్టరు రాసిచ్చిన చీటీ మడిచి సరళ సంచిలో వేసుకుంది.
బస్సులో కూర్చున్నాక — "ఆ దీపం హిందూపురం దాకా పనిచేస్తాదా? నేనీడ నొక్కితే నీ ల్యాబులో వెలగాల."
"బోర్డు ఇదే చాలు. ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించుకోవాల."
"పెట్టించు అయితే."
"నొక్కి ఏం చెప్తావు?"
"ఏమీ చెప్పను. పలుకుతావో లేదో చూస్తా."
మిషను సంగతి అడగాలనుకున్నా... అడగలే. లేచి, ఆమెకు కొంచెమన్నా వినపడే కుడిపక్కకొచ్చి కూర్చున్నా.