ఆడబిడ్డ వాటా

మాడిసన్, అమెరికా
గురువారం

గౌలిపురలో ఉన్న అత్తమ్మకు,

కోడలు సుజన దండం పెట్టి రాస్తున్నది. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, మామ, నీ కొడుకు, నీ మనవడు చింటూ, మా అందరికంటే నీకు ఎక్కువైన కొట్టంలోని బర్రెలు, అందరూ సుఖంగా ఉన్నారనుకుంటాను.

క్యాలెండర్ కాగితం వెనక రాసి, చింటూతో ఫోటో తీయించి పంపిన నీ ఉత్తరం అందింది. ఫోన్‌లో పెద్దది చేసుకుని చదువుతుంటే, మా డెయిరీ నుంచి నాతోపాటు శిక్షణకు వచ్చిన రామ్‌చందర్ సారు నవ్వాడు. "గీ కాలంల ఉత్తరాలేందమ్మా, వీడియో కాల్ చేయరాదు?" అన్నాడు. మా అత్తమ్మకు ఫోన్‌లో మాట్లాడటం ఇష్టం ఉండదని చెప్పి ఊరుకున్నాను. నువ్వు అసలు అన్న మాట ఆయనకెందుకు? "ఫోన్ల అయితె అంత మంచిగనే ఉందంటవ్. రాస్తెనే లోపటి ముచ్చట బయటికొస్తది" అన్నావు కదా, నేను బయల్దేరేటప్పుడు. లోపలి ముచ్చట ఒకటుంది. దానికి కొంచెం ధైర్యం కూడగట్టుకోవాలి. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

తిండికి ఫికర్ చేయకు. మేముండే గదిలో చిన్న వంటిల్లు ఉంది. బియ్యం దొరికాయి, నువ్వు కట్టిచ్చిన పచ్చడి ఉంది. పాలు మాత్రం పెద్ద పెద్ద డబ్బాల్లో అమ్ముతారు. పాలలోంచి వెన్న ఎంత తీశారో, ఎంత మిగిల్చారో డబ్బా మీద రాసి మరీ అమ్ముతారు. రోజంతా పాల పరీక్షలు చేసేదాన్ని కదా, దుకాణంలో ఆ డబ్బాల ముందు నిలబడి ఒక్కొక్కటీ చదువుతుంటే అక్కడి పిల్ల వచ్చి ఏమన్నా సాయం కావాలా అని అడిగింది. మన దగ్గర ఆ సంగతి దాచడానికే కొందరి తెలివంతా ఖర్చవుతుందని ఆమెకెలా చెప్పను?

"ఆవులు ఎట్లుంటయి, పిలిస్తె వస్తయా" అని అడిగావు. మమ్మల్ని ఊరవతల మార్తా అనే ఆమె పొలానికి తీసుకుపోతారు. నీ వయసే ఉంటుంది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని ట్రాక్టర్ తోలుతుంది. కొట్టం మన గల్లీ అంత పొడవు. ఆవులన్నీ నలుపు, తెలుపు. చెవులకు నంబర్ల బిళ్ళలు. పాలు పిండటానికి వాటిని ఎవరూ తోలుకురారు అత్తమ్మా! పొదుగు బరువెక్కితే ఆవే నడుచుకుంటూ వెళ్ళి మిషన్ ముందు నిలబడుతుంది. మిషన్ దానంతటదే చెయ్యి చాపి పొదుగు కడిగి గొట్టాలు తగిలిస్తుంది. ఒక ఆవు పాలిచ్చి వెళ్ళి, దాణా ఆశకు మళ్ళీ వచ్చి నిలబడింది. మిషన్ దాన్ని గుర్తుపట్టి, దాణా పెట్టకుండా గేటు తెరిచి బయటికి పంపేసింది. నాకు వెంటనే చింటూ గుర్తొచ్చాడు.

ఇంకో వింత చెప్పాలి. గోడకు పెద్ద బ్రష్ ఉంది. ఆవు వెళ్ళి వీపు ఆనిస్తే అది గిర్రున తిరుగుతుంది. ఒకదాని వెనక ఒకటి నిలబడి గోకించుకుంటాయి. పక్కింటి బీరయ్య మామ చూస్తే తన వీపు కూడా పెడతాడు.

"దూడ మూతి పెట్టకుంట పాలెట్ల చేపుతయి" అని నువ్వడిగింది నేను మార్తాను అడిగాను. ఇక్కడ దూడను మొదటి రోజే వేరు చేసి సీసాతో పాలు పడతారట. ఆవు మిషన్‌కే అలవాటు పడుతుందట. తల్లి అరవదా అని అడిగాను. కొన్నాళ్ళు అరుస్తుందని చెప్పి, పనిలో పడింది. ఆ జవాబు నాకు నచ్చలేదు. కానీ ఆవులకు బొట్టు పెడతారా అని నువ్వడిగావని చెబితే, వాళ్ళమ్మ ఉన్నన్నాళ్ళూ క్రిస్మస్‌కు ఆవులన్నింటికీ మంచి గడ్డి రెండింతలు వేసేదని, తనూ మానలేదని చెప్పింది. కాబట్టి వీళ్ళకూ ఏదో ఒక లెక్కన పండగ ఉంది.

శని, ఆదివారాలు సెలవిచ్చారు. బస్సెక్కి షికాగో చూడటానికి వెళ్ళాను. అక్కడి సరస్సుకు అవతలి ఒడ్డు కనిపించదు. మన మీరాలం చెరువు లాంటివి ఎన్ని పడతాయో. సముద్రమేమోనని అనుమానం వచ్చి వంగి నీళ్ళు నోట్లో పోసుకుని చూశాను. ఉప్పు లేదు. తోడు వచ్చిన ఆమె పడీ పడీ నవ్వింది. రైళ్ళు ఇనప స్తంభాల మీద, మేడల మధ్యలోంచి పోతాయి. కిటికీ పక్కన కూర్చుంటే ఎవరి ఇంట్లో ఏం వండుతున్నారో కనిపిస్తుందేమో అని మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఎవరూ ఏమీ వండటం లేదు.

మనవాళ్ళ దుకాణాలున్న వీధి ఒకటుంది. యాలకులు కొందామని వెళితే, గల్లా మీద కూర్చున్న ముసలాయన మా మాటలు విని "హైదరాబాద్ మే కాఁ?" అని అడిగాడు. గౌలిపుర అని చెప్పాను. ఆయన లేచి నిలబడ్డాడు. "అరే, గౌలిపురే కా దూద్ పీకోచ్ బడే హువే హమ్!" అన్నాడు. చిన్నప్పుడు శాలిబండలో వాళ్ళింటికి పాలు మన గల్లీ నుంచే వచ్చేవట. ఇంత దూరంలో మన పాలు తాగి పెరిగిన మనిషి! యాలకులకు డబ్బులు తీసుకోనని ఒకటే లొల్లి. బలవంతంగా ఇచ్చి వచ్చాం.

ఇక నీ ఉత్తరంలో అన్నింటికంటే కింద, కాగితం అంచున, వేరే పెన్నుతో రాసిన ముక్క. "మన దిక్కోళ్ళు ఎవరన్న కండ్లవడ్డరా?" పెన్ను మారిందంటే, రాయాలా వద్దా అని చాలాసేపు ఆగి రాసి ఉంటావు. నేనూ అలాగే ఆగి ఆగి జవాబు రాస్తున్నాను.

పడ్డారు అత్తమ్మా. సరస్సు ఒడ్డున నన్ను చూసి నవ్విన ఆమె, ఆ ముసలాయనతో నాకంటే జోరుగా ఉర్దూ మాట్లాడిన ఆమె, సోనీ వదిన. నీ బిడ్డ.

ఫోన్ పక్కన పెట్టెయ్యకు. పూర్తిగా చదివి, తర్వాత ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు. నన్నే తిట్టు, నీ కొడుకును కాదు. ఆయన విమానాశ్రయంలో ఒకే మాట అన్నాడు. "అక్క ఆడికి దగ్గర్లనే ఉంటది. పోతవో లేదో నీ ఇష్టం. అమ్మకైతె నేను చెప్పలేను" అన్నాడు. నంబర్ ఇచ్చాడు. వెళ్ళాలని నిర్ణయించుకున్నది నేను.

వదిన ఫలక్‌నుమా విశాల్ అన్నను ఇంట్లో చెప్పకుండా పెళ్ళి చేసుకుందని, వాళ్ళు క్రైస్తవులని, నువ్వు గల్లీలో అందరి ముందూ "నాకు బిడ్డ లేదు" అన్నావని నాకు బీరయ్య మామ భార్య చెప్పింది. మన ఇంట్లో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను కోడలిగా వచ్చేసరికి ముందు గది గోడకు మేకు ఉంది, ఫోటో లేదు. ఇన్నేళ్ళూ ఆ మేకును చూస్తూనే ఉన్నాను. ఆమె ఎలా ఉంటుంది, ఎలా మాట్లాడుతుంది అని ఎప్పుడూ ఆలోచనే. నిజం చెప్పాలంటే జాలితో వెళ్ళలేదు, చూడాలనిపించి వెళ్ళాను.

చూశాను. నీలాగే నడుం మీద చేతులు పెట్టుకుని తలుపు తీసింది. ముసలివాళ్ళ ఆశ్రమంలో నర్సుగా చేస్తుంది. అన్న లారీ తోలుతాడు, ఆ రెండు రోజులూ వేరే రాష్ట్రం పోయి ఉన్నాడు. కూతురి పేరు అనూహ్య. ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న, అమ్మమ్మను చూస్తే బర్రెలు భయపడతాయా అని. భయపడతాయని చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి.

నేను షికాగోకు బయల్దేరడానికి ముందురోజు మార్తా పొలంలో ఒక ఆవు ఈనింది. జున్నుపాలు బకెట్‌లో పోస్తున్నారు. వదిన పుట్టింటి నుంచి వెళ్తున్నదాన్ని, చేతులూపుకుంటూ ఎలా వెళ్ళను? కొన్ని పాలు ఇస్తావా అని మార్తాను అడిగాను. ఆమె రబ్బరు పీక ఉన్న సీసా నిండా పోసిచ్చి, నీ దూడ వయసెంత అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్ళు అన్నాను. నవ్వీ నవ్వీ, నేను మన పద్ధతి వివరంగా చెప్పాక, ఆ సీసా వెనక్కి తీసుకుంది. కడిగిన గాజు జాడీలో పోసి మంచుపెట్టెలో పెట్టిచ్చింది.

వదిన వంటింట్లో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద పెట్టాను. వాసన వచ్చి వదిన గుమ్మంలో ఆగిపోయింది.

"జున్నా? ఎవరు పంపిన్రు?"

"ముందు తిను వదినా."

"ఊకె తినేది గాదు సుజనా గిది. ఇంట్లకెల్లి మాట రావాలె. అమ్మ చెప్పిందా?"

లేదని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూశాక ఆ మాట బయటికి రాలేదు. "అత్తమ్మనే చెప్పింది. ఏ దేశంల ఈనినా ఆడబిడ్డ వాటా ఆడబిడ్డకు ముట్టాలె అన్నది" అని చెప్పేశాను.

నీ పేరు మీద అంత పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. వదిన గిన్నె తీసుకుని వంటింట్లోనే కింద కూర్చుంది. అనూహ్య చెంచా పట్టుకుని పక్కన చేరింది. రెండు ముద్దలు తిన్నాక వదిన తలెత్తి అడిగింది.

"అమ్మ తింటున్నదా? అమ్మకు జున్నంటె పానం. మా అందరికి పెట్టి, గిన్నె అడుగు గీకి తింటుండె."

నేను చూసిన అత్తమ్మ జున్ను ముట్టదు. మొదటి జున్ను ఆడబిడ్డ ఇంటికి పోయాకే ఇంట్లోవాళ్ళు తినాలని నా పెళ్ళయిన కొత్తలో నువ్వే చెప్పావు. చెప్పి, "మనింట్ల ఆడబిడ్డ లేదు, మీరు తినుండ్రి" అన్నావు. అందరికీ పెట్టావు, గల్లీ అంతా పంచావు. నువ్వు తినవేమని అడిగితే "నాకు పడది" అన్నావు. నేను నమ్మాను. ఇన్నేళ్ళలో ఎన్ని బర్రెలు ఈనాయి, ఎన్నిసార్లు పక్కన కూర్చుని నేను తిన్నాను! బిడ్డ లేదని గల్లీకి చెప్పావు కానీ, బిడ్డ వాటా పోకుండా ముట్టలేకపోయావు. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తున్నది అత్తమ్మా.

ఈ సంగతి వదినకు చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది. మన దగ్గర ఆదివారం పొద్దున ఆమె నీకు ఫోన్ చేస్తుంది. ఇంకేమీ అడగదట, "ముట్టింది అమ్మా, తిన్న" అని ఆ ఒక్క మాట చెప్పి పెట్టేస్తుందట. ఏం చెప్పాలో మూడు రోజులుగా అనుకుంటూ ఉంది. నువ్వు "నేను పంపలే" అంటే అది నిజమే. అప్పుడు అబద్ధం నాది, ఇద్దరి ముందూ నేనే తల దించుకుంటాను. కానీ ఫోన్ మోగితే "చింటూ, ఎవరో సూడు" అనకు. నువ్వే ఎత్తు.

ఇట్లు,
నువ్వు చెప్పని మాట నీ పేరున చెప్పి వచ్చిన
నీ కోడలు
సుజన