టీబీ కంప్లైంటు

1971 డిసెంబర్ 6, మదనపల్లె

యుద్ధం మొదలై మూడు రోజులు. మిలిటరీలో చేరదామని వచ్చాను. ఎత్తు, ఛాతీ, పరుగు అన్నీ పాస్. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద పాత మచ్చ కనబడింది. చిన్నప్పుడెప్పుడో టీబీ వచ్చి మానిపోయిందట. ఇప్పుడు ఎవరికీ అంటుకోదట, కానీ మిలిటరీకి పనికిరానని డాక్టరు మెల్లగా చెప్పాడు. బయట గుమాస్తా శ్రీరాములు మైకు పట్టుకుని, పుంగనూరు రెడ్డెప్ప, టీబీ, అన్‌ఫిట్ అని అరిచాడు. గ్రౌండులో మా వీధివాళ్ళే ఆరుగురు.

డిసెంబర్ 8, పుంగనూరు

అమ్మ ఇంటింటికీ పాలు పోయడానికి పోతే, క్యాను నిండుగానే తిరిగొచ్చింది. పాలు పిండేది నేనని అందరికీ తెలుసు. రహీమున్నీసమ్మ ఒక్కతే తలుపు తీసిందట. బిడ్డలుండే ఇల్లు, ఏమనుకోవద్దు కుప్పమ్మా అనిందట. అమ్మ ఏడవలేదు. పాలు కాచి తోడు వేసింది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

డిసెంబర్ 9

పెరుగు కూడా ఎవరూ కొనలేదు.

డిసెంబర్ 13, మదనపల్లె, పొద్దున పదకొండు

శ్రీరాములు మీద కంప్లైంటు ఇవ్వాలని మిలిటరీ ఆఫీసుకు పోయాను. ఏం కంప్లైంటప్పా అన్నాడు కిటికీ దగ్గరి ముసలాయన. టీబీ గురించి అన్నాను. పాపం, చీటీ రాసి ఆస్పత్రికి పొమ్మన్నాడు. ఆ కంప్లైంటు కాదు సార్, ఈ కంప్లైంటు అని అర్జీ చూపించాను. ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని చదివాడు. ఆఫీసరు కుప్పం క్యాంపులో ఉండాడు, ఆడికి పో అన్నాడు. పోతాను. ఎంత దూరమైనా పోతాను.

డిసెంబర్ 15, కుప్పం

ఆఫీసరు అర్జీ రెండుసార్లు చదివాడు. డాక్టరు చెప్పింది మైకులో చెప్పకూడదు, తప్పు మాదే అన్నాడు. జబ్బు మానిపోయిందని ఇంగ్లీషులో లెటర్ ఇస్తానన్నాడు. మా వీధిలో ఇంగ్లీషు ఎవరు చదువుతారు సార్, అరిచిన మనిషినే పంపించండి అన్నాను. శ్రీరాములు కూడా ఆ క్యాంపులోనే ఉండాడు, నా వెనకే బయటికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పొరపాటైపోయిందప్పా, ఉద్యోగం పోతాది అన్నాడు. జాలేసింది. అర్జీ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

డిసెంబర్ 18, పుంగనూరు

యుద్ధం అయిపోయింది. శ్రీరాములు వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, అది పాత మచ్చ, ఎవరికీ అంటుకోదు అని చెప్పాడు. అమ్మ గ్లాసు నిండా పాలిచ్చింది. అందరూ గడపల్లో నిలబడి చూస్తున్నారు. సగం తాగి ఆగాడు.

మిగతావి కూడా తాగన్నా అన్నాను.